పంచ్ ఎంతో చూశారు సరే.. తలకు ఎన్ని తగిలాయి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్తూ ఒకసారి కిటికీలోంచి చూడండి. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు దాటేలోపు ఎన్ని బోర్డులో! ఐఐటీ కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, సాఫ్ట్‌వేర్ కోర్సులు. వాటి సందుల్లోనే కరాటే, తైక్వాండో, కిక్‌బాక్సింగ్, బాక్సింగ్ క్లాసుల బోర్డులూ కనిపిస్తాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్లు, స్కూలు మైదానాలు, మేడ మీది రేకుల షెడ్లు.. ఎక్కడ కాస్త చోటు దొరికితే అక్కడ సాయంత్రం ఆరింటికి పిల్లలు తెల్ల దుస్తులతో బారులు తీరతారు. రోజంతా బెంచీ మీద కూర్చుని, ఇంటికొచ్చాక ఫోను పట్టుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి వ్యాపకం ఏముంటుంది? సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం చుట్టుపక్కల పెరిగిన పిల్లలకు ఆటల మీద మోజు కొత్తేం కాదు కూడా.

అయితే ఈ మధ్య ఈ ఆటల్లోకి ఒక అంకె వచ్చి చేరింది. మాల్‌లోని గేమ్‌జోన్‌లో బంతిని గుద్దితే తెర మీద మూడంకెల స్కోరు వెలుగుతుంది. మణికట్టుకు కట్టుకునే సెన్సర్ ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే ఇంటికొస్తుంది. పంచ్ వేగం చెబుతామనే యాప్‌లు ఫోన్లోనే ఉన్నాయి. ‘మా వాడి పంచ్ ఇంత’ అంటూ రీలు పెట్టే నాన్నలూ ఉన్నారు. పరీక్షల్లో ర్యాంకును చూసినట్టే పంచ్‌నూ చూడటం మొదలుపెట్టాం.

కొలవడం తప్పని నేను అనను. కొలత లేకుండా క్రీడా శాస్త్రమే లేదు. కానీ మీ పిల్లల విషయంలో మనం కొలుస్తున్నది పక్కన పెట్టాల్సిన అంకెను, కొలవకుండా వదిలేస్తున్నది కచ్చితంగా రాసుకోవాల్సిన అంకెను. ఎందుకంటారా? ముందు ఆ అంకె వెనక ఏముందో చూద్దాం.

ఆ అంకె ఎలా పుడుతుంది?

కూరగాయల కొట్టులో ముల్లు కాటా గుర్తుందా? కిలో బంగాళదుంపలను నెమ్మదిగా పళ్లెంలో పెడితే ముల్లు కిలో దగ్గర నిలుస్తుంది. అవే దుంపలను జానెడు ఎత్తు నుంచి దబ్బున పడేస్తే ముల్లు ఒక్కసారిగా రెండు మూడు కిలోలు దాటి ఎగిరి, మళ్లీ కిలో దగ్గరికే వస్తుంది. పంచ్‌ను కొలిచే యంత్రం చూపేది ఆ ఎగిరిన ముల్లునే. అది క్షణంలో అతి చిన్న భాగం మాత్రమే ఉండే గరిష్ఠ బలం. దాన్ని న్యూటన్లలో చెబుతారు. దాదాపు 10 న్యూటన్లు ఒక కిలో బరువుతో సమానమనుకోండి.

దీనిపై పేరుమోసిన కొలత ఒకటి 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. బ్రిటన్ హెవీవెయిట్ బాక్సర్ ఫ్రాంక్ బ్రూనోతో పరికరాలు అమర్చిన లక్ష్యాన్ని కొట్టించారు. పిడికిలి సెకనుకు 8.9 మీటర్ల వేగంతో, అంటే గంటకు 32 కిలోమీటర్లతో తాకింది. గరిష్ఠ బలం 4,096 న్యూటన్లు. అంటే 400 కిలోల పైచిలుకు. అదంతా పిడికిలి తాకిన 14 మిల్లీసెకన్లలోపే. రెప్పపాటులో అది పదో వంతు కూడా ఉండదు.

2000లో బ్రిటన్‌లోనే మరో పరిశోధన బృందం బాక్సర్లను మూడు స్థాయులుగా విడదీసి కొలిచింది. వెనక చేతి పంచ్ అగ్రశ్రేణి వారిలో సగటున 4,800 న్యూటన్లు, మధ్యస్థాయి వారిలో 3,722, కొత్తవారిలో 2,381. అనుభవంతో బలం రెట్టింపయిందన్నమాట. మరి ఆ తేడా కండల నుంచే వచ్చిందా? పంచ్ పిడికిలితో పుట్టదు. మడమ నేలను తన్నితే ఆ తోపు తొడలోకి, నడుములోకి, భుజంలోకి పాకి చివరికి పిడికిలికి చేరుతుంది. కొత్తవాడు చేత్తో గుద్దుతాడు, ఆరితేరినవాడు కాళ్లతో గుద్దుతాడు. కెనడా వెన్నెముక పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్ బృందం 2010లో మేటి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ క్రీడాకారుల కండరాలను పరిశీలించినప్పుడు మరో సంగతి బయటపడింది. దెబ్బ మొదలయ్యేటప్పుడు కండరాలు బిగుసుకుంటాయి, మధ్యలో సడలుతాయి, తగిలే క్షణంలో మళ్లీ బిగుసుకుంటాయి. వేగం ఆ మధ్యలోని సడలింపులోనే ఉంది. పెద్ద అంకె కోసం పళ్లు బిగబట్టి గుద్దే పిల్లవాడు ఆ సడలింపునే పోగొట్టుకుంటాడు.

మీ ఫోను చెప్పేదెంత?

ఇప్పుడు మీ చేతిలోని పరికరం సంగతికి వద్దాం. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములుంటాయి. సెకనుకు 9 మీటర్ల వేగంతో వెళ్లే పిడికిలి ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య 30 సెంటీమీటర్లు దాటిపోతుంది. అంటే పంచ్‌లో సగం ప్రయాణం ఫోను కంటపడనే పడదు. సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో తీస్తే ఆ దూరం 4 సెంటీమీటర్లకు తగ్గుతుంది. పక్కన కొలతల టేపు పెట్టి లెక్కేస్తే వేగం సుమారుగా తెలుస్తుంది. బలం మాత్రం ఏ వీడియోకూ అందదు.

మణికట్టు సెన్సర్‌దీ అదే తీరు. అది చేయి ఎలా కదిలిందో చెప్పగలదు, పంచ్‌లు లెక్కపెట్టగలదు. తగిలినచోట ఎంత బలం పడిందో దానికి నేరుగా తెలియదు. ఎందుకంటే బలం సగం కొట్టేవాడిది, సగం కొట్టించుకునే వస్తువుది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం కదా. బంతి ఆగే సమయం రెట్టింపైతే చేతికి తగిలే సగటు బలం సగమవుతుంది. అలాగే ఒకే పంచ్‌ను మెత్తటి బ్యాగు మీద వేస్తే ఒక అంకె, గట్టి బ్యాగు మీద వేస్తే మరో అంకె. గ్లవ్స్ మారితే ఇంకో అంకె. ఇక గేమ్‌జోన్ యంత్రం చూపే స్కోరుకు న్యూటన్లతో గానీ కిలోలతో గానీ ముడి లేదు. అది వినోదానికి పెట్టిన స్కోరు. ఒక పిల్లవాడి అంకెను మరో పిల్లవాడి అంకెతో పోల్చి, ‘నువ్వెందుకు వెనకబడ్డావ్’ అని అడగడానికి ఇందులో ఆధారం ఏదీ లేదు.

పతకాలు ఏ మీటరుతో వచ్చాయి?

‘బలంగా కొట్టినవాడే కదా గెలిచేది’ అంటారా? మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌నే తీసుకోండి. 2022లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించింది. 2023లో దిల్లీలో వియత్నాం బాక్సర్ గుయెన్ థి తామ్‌పై మళ్లీ 5-0. ఆ అయిదు అంకె ఏమిటి? అయిదుగురు న్యాయనిర్ణేతలూ ఆమెనే విజేతగా తేల్చారని. వాళ్లు చూసేది నిర్ణీత భాగంలో శుభ్రంగా తగిలిన దెబ్బలు ఎన్ని, సాంకేతికంగా, వ్యూహంగా బౌట్‌లో ఎవరిది పైచేయి, ఎవరిలో పోరాట పటిమ ఉంది అన్నవి. ఏ పంచ్ ఎన్ని న్యూటన్లో చెప్పే మీటరు రింగ్ పక్కన లేదు. అదే ఊరి హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చిందీ ఈ లెక్కతోనే.

తైక్వాండోలో మాత్రం మీటరు ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి ఛాతీ రక్షణ కవచంలో, 2016 రియో నుంచి హెల్మెట్‌లోనూ సెన్సర్లు వాడుతున్నారు. అక్కడైనా కవచం మీద తన్నుకు బరువు విభాగాన్ని బట్టి ఒక హద్దు పెడతారు. దెబ్బ ఆ హద్దు దాటితే పాయింట్లు వస్తాయి. దానికి రెట్టింపు బలంతో తన్నినా అదనంగా ఒక్క పాయింటూ రాదు. మీటరు పెట్టిన ఆట కూడా ‘చాలినంత’ అనే అడుగుతోంది, ‘ఎంత ఎక్కువ’ అని అడగడం లేదు. మన గల్లీలోని క్లాసుకు ఆ అవసరం ఎందుకు వచ్చినట్టు?

అవతలి తల సంగతి?

అసలు మాట ఇక్కడుంది. పంచ్ బలం కొలిచిన పరిశోధకుల్లో చాలామంది ఆ పనికి దిగింది మేటి పంచ్‌ను మెచ్చుకోవడానికి కాదు. అది తగిలిన మెదడుకు ఏమవుతుందో తెలుసుకోవడానికి. బ్రూనో పంచ్ తగిలితే తల గురుత్వాకర్షణ త్వరణానికి 53 రెట్ల త్వరణంతో వెనక్కి విసురుతుందని 1985 పరిశోధన లెక్కగట్టింది. 2005లో అమెరికాలో ఏడుగురు ఒలింపిక్ స్థాయి బాక్సర్లు యంత్రపు బొమ్మ ముఖం మీద కొట్టినప్పుడు సగటు బలం 3,427 న్యూటన్లు, తల త్వరణం 58 రెట్లు నమోదయ్యాయి. వాళ్లలో తక్కువ బరువు విభాగాల వాళ్లూ ఉన్నారు.

తల ముందుకూ వెనక్కూ కదలడం కన్నా గిర్రున తిరగడం మెదడుకు ఎక్కువ హాని చేస్తుంది. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టి ఊపినట్టు, పుర్రె తిరిగినంత త్వరగా లోపలి మెత్తటి మెదడు తిరగలేదు. లోపలి నరాల పోగులు సాగి, మెలిపడతాయి. దవడ పక్కన తగిలిన హుక్ పంచ్‌కు మనిషి కూలబడేది అందుకే. మెదడు ఇలా కుదుపునకు లోనై తాత్కాలికంగా పని తప్పడాన్నే కంకషన్ అంటారు. స్పృహ తప్పి తీరాలనేం లేదు. చాలా కంకషన్లలో స్పృహ ఉంటుంది. సీటీ స్కాన్ కూడా మామూలుగానే ఉండొచ్చు. ‘స్కాన్ బాగుంది, రేపు క్లాసుకు పో’ అనడం అందుకే ప్రమాదం. స్కాన్ చూసేది రక్తస్రావాన్ని, ఎముక పగుళ్లను. మెదడు పనితీరును కాదు.

పదే పదే దెబ్బలు తిన్న బాక్సర్ల తడబాటు గురించి అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశారు. దాదాపు శతాబ్దం కిందటి మాట. పిల్లల్లో ముప్పు ఇంకాస్త ఎక్కువ. ఒంటితో పోలిస్తే వాళ్ల తల పెద్దది, మెడ కండరాలు బలహీనం, మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఒక కుదుపు నుంచి కోలుకోకముందే మరో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు అరుదుగానైనా వైద్య చరిత్రలో నమోదయ్యాయి. అవి ఎక్కువగా పిల్లల్లో, యువతలోనే.

‘హెడ్‌గార్డ్ పెట్టాం కదా’ అనేది తరచూ వినిపించే మాట. హెడ్‌గార్డ్ నుదురు చిట్లకుండా, చెవి కమిలిపోకుండా కాపాడుతుంది. తల తిరగడాన్ని ఆపలేదు. కంకషన్‌ను అడ్డుకుంటుందని నిరూపణ కాలేదు. పురుషుల అగ్రశ్రేణి అమెచ్యూర్ బాక్సింగ్‌లో 2013 నుంచి దాన్ని తీసేశారు కూడా. అది పెట్టుకున్నామన్న ధీమాతో ఇంకాస్త గట్టిగా కొట్టుకుంటే, పెట్టుకున్న ప్రయోజనం పోయినట్టే.

వైద్యులు ఏమంటున్నారు?

అమెరికా, కెనడా పిల్లల వైద్యుల సంఘాలు 2011లో కలిసి ఒక మాట చెప్పాయి. పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి బాక్సింగ్ వద్దు, తలపై కావాలని కొట్టడమే ఆటగా లేని క్రీడల వైపు వాళ్లను నడిపించండి అని. 2016లో అమెరికా సంఘం మార్షల్ ఆర్ట్స్ గురించి చెబుతూ కటాలు, భంగిమలు, బ్యాగు సాధన వంటి ఒంటికి తగలని పద్ధతులతో మొదలుపెట్టాలంది. శరీరం, మనసు తగినంత పరిణతి చెందాకే స్పారింగ్ అంది.

నేను అంత దూరం వెళ్లి బాక్సింగే వద్దనను. నిఖత్‌ను చూసి గ్లవ్స్ తొడుక్కున్న ఆడపిల్లను వెనక్కి లాగడం నాకిష్టం లేదు. బ్యాగు మీద, ప్యాడ్స్ మీద చేసే సాధన గుండెకు, ఎముకకు, ఆత్మవిశ్వాసానికి మేలే. నా అభ్యంతరం రెండింటి మీద. ఒకటి, పిల్లలకు పంచ్ స్కోరు పెట్టి పోటీ నడపడం. రెండు, తలపై దెబ్బలున్న స్పారింగ్‌ను లెక్కా పత్రం లేకుండా సాగనివ్వడం. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. వారం రోజులు ‘ఇంకా గట్టిగా’ అని పిల్లవాడికి నూరిపోసి, ఆదివారం నాడు అతడి ఎదుట మరో పిల్లవాడిని నిలబెడుతున్నాం.

కోచ్‌ల వాదనా వినాలి. ‘అంకె చూపిస్తే పిల్లలు ఉత్సాహంగా చేస్తారు, ఫీజు కట్టే తల్లిదండ్రులు ఏదో ఒక పురోగతి చూపించమంటారు’ అంటారు. నిజమే. అద్దె, కరెంటు బిల్లు కట్టుకుంటూ సెల్లార్లో క్లాసు నడిపే కోచ్‌కు ఒత్తిడి తెస్తున్నది మనమే. అందుకే చూపించే అంకెను మార్చమంటున్నాను. మూడు నిమిషాల రౌండ్‌లో శుభ్రంగా తగిలిన పంచ్‌లు ఎన్ని, చివరి రౌండ్‌లోనూ పాదాలు సరిగ్గా పడుతున్నాయా, స్కిప్పింగ్ ఎంతసేపు, తప్పించుకున్న దెబ్బలు ఎన్ని.. ఇవన్నీ కొలవదగ్గవే. పద్దెనిమిదేళ్లు దాటి, పోటీలకు సిద్ధమయ్యేవారు బలం కొలుచుకోవాలనుకుంటే అదే బ్యాగు, అవే గ్లవ్స్, అదే పరికరంతో నెలకోసారి కొలిచి తమ పాత అంకెతోనే పోల్చుకోవాలి. అలసట, పాత గాయం ఉంటే అంకె పడిపోతుంది. అప్పుడది హెచ్చరికగానూ పనికొస్తుంది.

చేతి మాట కూడా మరవద్దు. స్కోరు కోసం పట్టీ చుట్టుకోకుండా, మణికట్టు వంచి గుద్దితే చిటికెన వేలి కింద అరచేతి ఎముక విరగడం సాధారణం. దానికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అన్న పేరే ఉంది. పిల్లల ఎముకల చివర ఎదుగుదల పొరలుంటాయి. గేమ్‌జోన్‌లో ఉత్త పిడికిలితో గుద్దాక చెయ్యి వాచి, రెండ్రోజులైనా తగ్గకపోతే బెణుకే అనుకుని నూనె మర్దనతో సరిపెట్టకండి. ఎక్స్‌రే తీయించండి.

తలకు తగిలితే..

తలపై దెబ్బ తర్వాత తలనొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, తడబాటు, అడిగిందే మళ్లీ అడగడం, వెలుతురు భరించలేకపోవడం, అయోమయం.. వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట ఆపేయాలి. ‘నీళ్లు తాగి మళ్లీ రా’ అనకూడదు. వైద్యుడికి చూపించాలి. పదే పదే వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, మగత, మూర్ఛ, కాలూ చెయ్యీ పట్టు తప్పడం, మెడ నొప్పి, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించడం, ముక్కు చెవుల నుంచి రక్తం లేదా నీరు, స్పృహ తప్పడం.. ఇవి ఉంటే 108కి ఫోన్ చేయాలి. సాయంత్రం వేళ దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్ మీకు తెలియనిది కాదు. దగ్గర్లో రాత్రిపూట అత్యవసర వైద్యం ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని ఉంచుకోండి.

మొదటి 24 నుంచి 48 గంటలు ఓ మోస్తరు విశ్రాంతి. ఫోను, టీవీ బాగా తగ్గించాలి. చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టాల్సిన పని లేదు, నెమ్మదిగా నడవొచ్చు. ముందు చదువుకు, ఆ తర్వాతే ఆటకు. ఆటలోనూ మెట్టు మెట్టుగా.. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. స్పారింగ్ చిట్టచివరి మెట్టు, అదీ వైద్యుడు సరేనన్నాకే. తలదెబ్బలతో బౌట్ ఆగితే కనీసం 30 రోజులు స్పారింగ్ కూడా వద్దనే పద్ధతి అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఏళ్లుగా ఉంది. శిక్షణ పొందిన పెద్దలకే అంత గడువు ఇస్తున్నప్పుడు, మన ఆరో తరగతి పిల్లవాడికి మర్నాడే క్లాసేమిటి?

చేర్పించే ముందు అడగండి

ఈ వేసవికి మీ పిల్లలను ఎక్కడైనా చేర్పించే ముందు ఫీజుతో పాటు ఈ అయిదూ అడగండి. స్పారింగ్ ఏ వయసు నుంచి? తలపై కొట్టనిస్తారా? జోడీ కట్టేటప్పుడు వయసుతో పాటు బరువు, అనుభవం చూస్తారా? తలకు దెబ్బ తగిలితే ఎవరు ఆట ఆపుతారు, అదే రోజు మాకు చెబుతారా? ఆ దెబ్బను ఎక్కడైనా రాసిపెడతారా?

అయిదో ప్రశ్నకు జవాబు చాలాచోట్ల దొరకదు. అలాంటప్పుడు మీరే ఇరవై రూపాయల నోటుపుస్తకం ఒకటి కొని పిల్లల కిట్ బ్యాగులో వేయండి. తేదీ, తలకు తగిలిన దెబ్బలు, ఆ రాత్రి తలనొప్పి ఉందా లేదా.. ఈ మూడు గడులు చాలు. పిల్లలు దాచుకోకుండా చెప్పాలంటే దెబ్బ తగిలిందని చెప్పినందుకు తిట్టకూడదు, పిరికివాడని అనకూడదు. ‘మా చిన్నప్పుడు తగల్లేదా’ అన్న మాటనూ కొన్నాళ్లు పక్కన పెట్టాలి. ఈ ప్రాంతపు క్లాసుల నిర్వాహకులు కూడా పద్నాలుగేళ్లలోపు వారికి తలపై స్పారింగ్ లేదని, పంచ్ స్కోరు పోటీలు పెట్టబోమని బోర్డు మీదే రాయించుకుంటే నష్టపోరు. ఈ రోడ్డు మీద ఇన్ని బోర్డుల మధ్య తల్లిదండ్రులు ముందుగా ఎక్కే మెట్లు వాళ్లవే అవుతాయి.